తొమ్మిదో పేజీ నుంచి

ఆ వీధి మొదట్లో ఉన్న కటింగ్ షాపులో బొమ్మలాయన గురించి ఒక కథ చెబుతారు. కొత్తగా అద్దెకు దిగినవాడెవడైనా కుర్చీలో కూర్చుంటే చాలు, షాపాయన అతని మెడచుట్టూ గుడ్డ బిగించి, తల ముందుకు వంచి, ఇక కదలడానికి వీల్లేదని రూఢి చేసుకున్నాక మొదలుపెడతాడు.

"మూలింటి పై వాటాలో ఒకాయన ఉంటాడు చూశారా, కళ్ళజోడుకి తాడు కట్టుకుని? చూడ్డానికి పెద్దమనిషే. ఒకప్పుడు బూతుబొమ్మల పుస్తకాలు గీసేవాడు. పోనీ, పొట్టకోసం అనుకుందాం. పెళ్ళాం మంచాన పడి, మందుల మత్తులో ఒళ్ళు తెలియకుండా ఉంటే, దుప్పటి తీసి ఆవిణ్ణే గీశాడండీ. గీసి బస్టాండులో అమ్మించాడు. ఆవిడ ఆ పుస్తకం చూసిన రోజే పోయింది. గుండె పగిలి."

ఇక్కడ కత్తెర ఆగుతుంది. కుర్చీలోవాడు అద్దంలోకి చూసి అయ్యో అనేదాకా ఆగే ఉంటుంది. అన్నాక మళ్ళీ ఆడుతుంది.

ఈ కథ వయసు మూడేళ్ళు. అది పుట్టడానికి కారణమైన పుస్తకం అంతకు చాలా ముందుది.

బొమ్మలాయన మొదటి ఉద్యోగం బడి గోడలకు తగిలించే పటాలు గీయడం. మనిషి శరీరం పటం ఆయన చేతిదే. అందులో మనిషికి గుండె ఉండేది, ఊపిరితిత్తులు ఉండేవి, పేగులు చుట్టలు చుట్టలుగా ఉండేవి. నడుం కింద మాత్రం ఏమీ ఉండేది కాదు. అక్కడ నున్నగా వదిలేయమని పైవాళ్ళ మాట. ఆ కంపెనీ మూతపడ్డాక రెండో ఉద్యోగం దొరికింది. దాని గురించి ఎవరైనా గుచ్చి అడిగితే ఆయన ఒకే జవాబు చెప్పేవాడు. "మొదటి ఉద్యోగంలో వదిలేసినవన్నీ రెండో ఉద్యోగంలో గీశాను. లెక్క సరిపోయింది."

ఆ రెండో ఉద్యోగం ఒక ప్రెస్సులో. ముందుగదిలో శుభలేఖలు, నోటుపుస్తకాల అట్టలు వేసేవారు. వెనకగదిలో నెలకొక బొమ్మల పుస్తకం. ముప్పై రెండు పేజీలు, పైన అంటించిన కవరు, లోపల ఏముందో కొనేవాడికీ అమ్మేవాడికీ తెలుసు. బస్టాండు దగ్గర బడ్డీలో పత్రికల దొంతర అడుగున ఉండేది. ఓనరు పెట్టిన నియమం ఒక్కటే, నాలుగు పేజీలకొకసారి మనుషులు బట్టల్లేకుండా ఉండాలి. మిగతా మూడు పేజీల్లో వాళ్ళు ఏం చేసుకున్నా ఆయనకు పట్టదు. బొమ్మలాయన మాత్రం ఆ మూడు పేజీలకూ అంతే కష్టపడేవాడు. మోచేతి దగ్గర చొక్కా ముడతలు ఎలా పడతాయో, నీళ్ళ బిందె ఎత్తినప్పుడు మెడనరం ఎటు లాగుతుందో చూసి చూసి గీసేవాడు. ఎవరు చూస్తారయ్యా ఇవన్నీ అని ఓనరు నవ్వేవాడు. ఎవరూ చూడరని బొమ్మలాయనకూ తెలుసు.

ఆయన భార్య ఆ పుస్తకాలకు అక్షరాలు రాసేది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా ఆమె దస్తూరి గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా, పలకమీద టీచరమ్మ పెట్టిన ఒరవడిలా ఉండేది. బొమ్మల్లో మనుషులు మాట్లాడే బుడగలను ఖాళీగా వదిలేస్తారు. ఆ మాటలను ఆమె సన్నటి చీటీల మీద రాసి, కత్తిరించి, ప్రెస్సుకు వెళ్ళి జిగురుతో అతికించేది. బస్టాండులో మగవాళ్ళు దొంగచాటుగా చదువుకునే మాటలన్నీ అలా ఒక ఇల్లాలి చేతిరాతలో ఉండేవి. పొయ్యి మీద పాలు పెట్టి, ఒక కన్ను అటు వేసి, రాయరాని మాటలన్నీ తొణక్కుండా రాసేది. ఆమెకు కోపం వచ్చేది మాటల మీద కాదు, కథ రాసేవాడి తెలివి మీద.

"మూడో పేజీలో తలుపు గడియ వేసింది కదండీ. ఐదో పేజీలో పక్కింటాయన ఎలా వచ్చాడు, గోడలోంచా?"

చీటీలు అతికించేముందు పేజీ చేరేది సున్నం దగ్గరికి. అతని అసలు పేరు ప్రెస్సులో ఎవరికీ గుర్తులేదు. అచ్చుకు వెళ్ళేముందు బొమ్మల్లో తప్పుల మీద తెల్లరంగు పూసి, పైన మళ్ళీ సరిగ్గా గీయడం అతని పని. ఒక బొమ్మలో ఎడమచేతికున్న గడియారం పక్క బొమ్మలో కుడిచేతికి వస్తే, అక్కడ కప్పేసి ఇక్కడ తొడిగేవాడు. ఊడిన బొత్తాం కుట్టేవాడు, పొరపాటున మొలిచిన ఆరో వేలు తీసేసేవాడు. బొమ్మలాయన గీతను ఎంత బాగా పట్టుకున్నాడంటే, దిద్దింది ఎక్కడో ఆ బొమ్మలాయనే పోల్చుకోలేకపోయేవాడు. సున్నం కథ చదివేవాడు కాదు. చీటీల మీద రంగు పడకూడదని పేజీలు అతని దగ్గరికి బుడగలు ఖాళీగా ఉండగానే వచ్చేవి. పక్కపక్క బొమ్మల్లో తేడా వెతకడం ఒక్కటే అతనికి తెలిసిన చదువు.

ఇలా పధ్నాలుగేళ్ళు గడిచాక ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. ఆస్పత్రిలో రొమ్ము మొత్తం తీసేశారు. ప్రెస్సులో జబ్బు అని మాత్రమే చెప్పారు.

ఇంటికొచ్చాక ఆయన ఆమెకు ఏ లోటూ చేయలేదు. మందులు వేళకిచ్చాడు, గిన్నెలు కడిగాడు, జుట్టు దువ్వాడు. కట్టు మార్చేటప్పుడు మాత్రం చూపు కిటికీ వైపు పెట్టుకునేవాడు. పడుకున్నాక గోడవైపు తిరిగేవాడు. ఆమె మొదటి నెల ఊరుకుంది, రెండో నెల ఊరుకుంది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం తలుపు గడియ వేసి, కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, జాకెట్టు బొత్తాలు విప్పింది.

"ఇన్నేళ్ళు లేనివాళ్ళందర్నీ గీశారు. ఉన్నదాన్ని చూడలేరా?"

ఆయన చూశాడు. చంక కిందనుంచి రొమ్మెముక దాకా ఏటవాలుగా గాటు, గాటుకు అటూ ఇటూ కుట్ల గుర్తులు, చుట్టూ చర్మం బిగిసి మెరుస్తూ ఉంది. మొదటి రోజు గీసినవన్నీ చించేశాడు. అన్నీ ఆస్పత్రి పటాల్లా వచ్చాయి. నాలుగో రోజుకు గీత మాట వింది. ఆమె కుడిచేత్తో జుట్టు ముడి వేసుకుంటూ, ఎడమచెయ్యి పైకి లేవక సగంలో ఆగి, తన అవస్థకు తనే నవ్వింది. ఆ నవ్వు దొరికింది ఆయనకు.

కథ ఆమెదే. బిల్లుపుస్తకాల వెనకవైపు మూడు వారాలు రాసింది. ఒక ఇల్లాలు, ఆమె మొగుడు. మొదటి ఎనిమిది పేజీల్లో వాళ్ళు వయసులో ఉన్నారు, ఒకరిమీద ఒకరికి తగని ఆకలి. ఎనిమిదో పేజీ చివర ఆస్పత్రి తలుపు మూసుకుంటుంది. తొమ్మిదో పేజీలో ఇల్లాలు ఇంటికొచ్చి అతని ముందు నిలబడి ఇటు చూడు అంటుంది. అక్కణ్ణుంచి ఇరవై నాలుగు పేజీలూ అతను చూడటం నేర్చుకోవడమే. ఇంట్లో ఆమె భర్తను మీరు అనేది. పుస్తకంలో మాత్రం ఇల్లాలు మొగుణ్ణి నువ్వు అంటుంది. బొమ్మలాయన అది గమనించాడు.

ఒక్కచోట మాత్రం వాదన జరిగింది. ఇంత బాధ ఉన్న కథలో ఓనరుగారి నియమం ఎందుకు, పడకగది బొమ్మలు తీసేద్దాం, మర్యాదగా ఉంటుంది అన్నాడు ఆయన. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"మర్యాదగా గీస్తే చదివినవాళ్ళు జాలిపడతారు. ఇన్నాళ్ళూ నేను రాసిన పుస్తకాల్లో ఎవరి మీదా ఎవరూ జాలిపడలేదు. నా మీదెందుకు పడాలి? చదివినవాడికి ఒళ్ళు వెచ్చబడాలి. అప్పుడే కదా నేనింకా ఆడదాన్నే అని వాడికి తెలిసేది."

ఆయన బొమ్మల బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఓనరు నియమం ప్రకారం ఎన్ని రావాలో అంతకంటే రెండు ఎక్కువే గీశాడు. జీవితంలో మొదటిసారి ఆ పేజీలు గీస్తూ ఆయన సిగ్గుపడ్డాడు. అవి బాగా వస్తున్నాయని కూడా తెలుస్తూ ఉంది. అచ్చయ్యాక మొదటి ప్రతి తానే విప్పి చూస్తానని ఆమె మాట తీసుకుంది. డాక్టర్లు ఏ హామీ ఇవ్వని రోజులవి. ఇంకేదీ అడగలేదు ఆమె.

ఆ నెల కథలు రాసేవాడు చెప్పాపెట్టకుండా అత్తారింటికి వెళ్ళిపోవడంతో ఓనరు ఏ కథ ఇచ్చినా తీసుకునే స్థితిలో ఉన్నాడు. పేజీలను పేకముక్కల్లా బొటనవేలితో జర్రున తిప్పి, నాలుగింటికొకటి ఉందిగా, చాలు అన్నాడు. ఆయన చూసేది ఎన్ని ఉన్నాయని, ఎలా ఉన్నాయని కాదు. పేజీలు సున్నం బల్ల మీదికి వెళ్ళాయి. సరిగ్గా అప్పుడే మందుల వల్ల జ్వరం వచ్చి ఆమె లేవలేకపోయింది. ఎప్పుడూ తనే వెళ్ళి అతికించే చీటీలకు ఈసారి నంబర్లు వేసి భర్త చేతికిచ్చి పంపింది. బొమ్మలాయన వాటిని అతికించమని ప్రెస్సులో బైండింగు చేసే ఆవిడకు అప్పజెప్పి, ఆస్పత్రికి పరుగెత్తాడు. ఆమె అక్కడున్న పది రోజులూ ప్రెస్సు మొహం చూడలేదు.

పుస్తకం వచ్చిన రోజు కవరు విప్పకుండా ఇంటికి తెచ్చాడు. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని, వేళ్ళు తుడుచుకుని, కవరు అంచు జాగ్రత్తగా చించింది. మొదటి పేజీలు చూస్తూ నవ్వింది. తొమ్మిదో పేజీ దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత పేజీ తిప్పింది. తర్వాతది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ తొమ్మిదో పేజీకి వచ్చి, పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టింది.

ఇల్లాలు మొగుడి ముందు నిలబడి ఉంది. ఇటు చూడు అని ఆమె చేతిరాత అంటోంది. ఇల్లాలికి రెండు రొమ్ములూ ఉన్నాయి. గాటు లేదు, కుట్లు లేవు. ఇరవై నాలుగు పేజీల్లో, నలభై ఒక్క బొమ్మల్లో, ఎక్కడా లేవు. నీడలు కూడా సరిగ్గా పడ్డాయి.

"డాక్టర్లు చేయలేని పని మీ సున్నం చేశాడు" అంది ఆమె. "కుట్టు కూడా కనపడట్లేదు."

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా ప్రెస్సుకు వెళ్ళాడు. ఏం అనాలో దారంతా కూడబలుక్కున్నాడు. వెనకగది గుమ్మంలో అడుగు పెట్టేసరికి సున్నమే ఎదురొచ్చాడు, చేతులు తుడుచుకుంటూ, మొహం విప్పారి. తాగుడు మానేసి అప్పటికి నాలుగు నెలలు. ఒక్క తప్పు దొర్లినా బయటికి పంపిస్తానని ఓనరు చెప్పి మరీ మళ్ళీ పనిలో పెట్టుకున్న మనిషి. బొమ్మలాయన నోరు తెరిచేలోపే పక్కకు లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు.

"అన్నా, వదిన ఆరోగ్యం మీద బెంగతో నీ మనసు మనసులో లేదని నాకు తెలుసులే. ఎనిమిది పేజీలదాకా బానే ఉంది, తొమ్మిదో పేజీ నుంచి ఒకవైపు గీయడమే మర్చిపోయి, అక్కడ ఏవో అడ్డగీతలు కొట్టి వదిలేశావు. ఓనరు చూస్తే ఊరుకుంటాడా? అయిదు రోజులు కూర్చుని అన్నీ సర్దేశాను. ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

బొమ్మలాయన అతని చేతుల వైపు చూశాడు. గోళ్ళలో తెల్లరంగు ఎండి ఉంది. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ ఆ చేతులకు సరిపోలేదు.

"మంచి పని చేశావు" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది, ఏమన్నారని. ఏమీ అనలేకపోయానని జరిగింది చెప్పాడు.

"అందరికీ మంచివారే మీరు" అంది పైకప్పు వైపు చూస్తూ. ఆ మాట తర్వాత ఎప్పుడూ వెనక్కు తీసుకోలేదు.

ఆ పుస్తకం సరిగ్గా పోలేదు. బస్టాండు బడ్డీవాడు మిగిలిన ప్రతులు తిరిగి ఇస్తూ బొమ్మలాయన మీద విరుచుకుపడ్డాడు. ఎవరో ఒకాయన కొనుక్కెళ్ళి మర్నాడే తెచ్చి బల్ల మీద విసిరికొట్టాడట. "ఇదేం పుస్తకమయ్యా, ఇది చదివితే ఇంటికెళ్ళాలనిపించింది" అని తిట్టి, వేరేది పట్టుకెళ్ళాడట. ఇలాంటి సరుకు ఇంకోసారి వద్దన్నాడు బడ్డీవాడు. బొమ్మలాయన ఈ తిట్టు ఇంటికి మోసుకొచ్చాడు. పుస్తకం వచ్చాక ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

"ఆ ఒక్కడికి సున్నం అడ్డు రాలేదన్నమాట" అంది.

ఆమె పోయాక కొన్నాళ్ళకు ప్రెస్సూ పోయింది. కవర్లో పెట్టి అమ్మేవన్నీ జనం చేతుల్లోని ఫోన్లలోకి వచ్చేశాయి. ఓనరు ముందుగది ఉంచుకుని వెనకగది తాళం వేశాడు. అసలు పేజీలు తూకానికి వేస్తుంటే, బొమ్మలాయన ఆ ముప్పై రెండూ ఏరి తెచ్చుకుని మంచం కింద రేకుపెట్టెలో పెట్టుకున్నాడు. పొట్టకు బళ్ళ మీద నంబర్లు రాస్తున్నాడు. సున్నం నిజంగానే గోడలకు సున్నం వేసే పనిలో చేరాడు. ఆదివారాలు వచ్చి బొమ్మలాయన గదిలో కూర్చుని, టీ తాగి వెళ్ళేవాడు. వదిన ఫొటో ముందు తల వంచేవాడు. ఎనిమిదేళ్ళు ఇలాగే నడిచింది.

అప్పుడు ఆర్ట్ కాలేజీ లెక్చరరు ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. సంచీ నిండా పాత బొమ్మల పుస్తకాలు. తాను వీటిని ఎన్నో ఊళ్ళు తిరిగి పోగుచేశానని, వీటిమీద ఒక ప్రదర్శన పెడుతున్నానని, బూతుబొమ్మల కథ అసలైన కళ కాగలదా అన్న విషయం మీద ప్రసంగిస్తానని చెప్పాడు. మాటకు ముందూ వెనకా మాస్టారూ అన్నాడు. ఆ సంచీలో బొమ్మలాయన కళ్ళు ఒక్క అట్ట కోసమే వెతికాయి. ఉంది. లెక్చరరే దాన్ని పైకి తీసి, ముఖ్యంగా దీని గురించి మాట్లాడతాను అన్నాడు.

ఆ మాటతో బొమ్మలాయన పదేళ్ళు వెనక్కు వెళ్ళిపోయాడు. రంగు పడితే పడింది, కథ ఉంది కదా, మోచేతులు ఉన్నాయి కదా, ఆ నవ్వు ఉంది కదా అనుకున్నాడు. చదువుకున్నవాడు, లోపలికి చూడగలిగినవాడు చూశాడనుకున్నాడు. పేజీలకు ఏం జరిగిందో చెప్పి మొహమాటపెట్టకూడదనీ, ఆయనే చెబితే వినాలనీ ఊరుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తోడుగా సున్నాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇద్దర్నీ ముందువరసలో కూర్చోబెట్టారు.

గోడల మీద ఆయన బొమ్మలు మనిషెత్తున పెద్దవి చేసి తగిలించారు. కుర్రాళ్ళు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతూ నవ్వుకుంటున్నారు. లెక్చరరు బాగా మాట్లాడాడు. ఈ పుస్తకాల గీతలో నేర్పు ఉందన్నాడు, కాలం ఉందన్నాడు, వెటకారం ఉందన్నాడు. ఆఖర్న తెరమీద తొమ్మిదో పేజీ వేశాడు.

"ఈ ఒక్క పుస్తకం గీత దాటడానికి ప్రయత్నించింది. మాటలు చదవండి. జబ్బుచేసి రొమ్ము తీసేసిన ఒక స్త్రీ, తన భర్తను ఇటు చూడు అంటోంది. ఎంత పెద్ద మాట. ఇప్పుడు బొమ్మ చూడండి. ఆ రొమ్ము అక్కడే ఉంది. కథ పోయిందంటోంది, చిత్రకారుడి చెయ్యి పోనివ్వనంటోంది. సరుకు గీసి గీసి అలవాటైన చెయ్యి అది. ఇలాంటి పుస్తకం కళ ఎందుకు కాలేదో ఈ ఒక్క పేజీ చెబుతుంది."

కొందరు నవ్వారు, కొందరు రాసుకున్నారు. బొమ్మలాయనకు పక్కన కుర్చీ కిర్రుమనడం వినిపించింది. సున్నం తెరవైపు చూస్తున్నాడు. ఆ బుడగలోని మాట అతను వినడం అదే మొదటిసారి. తర్వాత మోకాళ్ళ మీద పెట్టుకున్న తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళలో ఎప్పటిలాగే తెలుపు.

మాస్టారు కూడా ఇక్కడే ఉన్నారు, ఏమైనా చెబుతారా అని లెక్చరరు మైకు అందించాడు. బొమ్మలాయన లేచి నిలబడ్డాడు. చెప్పాల్సింది ఒక్క వాక్యం. అది చెబితే ఆమె పుస్తకం ఆమెకు తిరిగొస్తుంది. పక్కనున్న మనిషి ఆ హాలంతటి ముందూ దోషిగా నిలబడతాడు.

"చెయ్యి అలవాటుపడిన మాట నిజమే సార్" అని కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టారు.

తిరుగుదారిలో రెండు వీధులు దాటాక సున్నం అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెబితే ఏం చేసేవాడివి?"

"తాగేవాణ్ణి."

"నువ్వు మానేసి అప్పటికి నాలుగు నెలలే."

మర్నాడు పొద్దున్నే సున్నం బ్లేడుతో వచ్చాడు. రేకుపెట్టె తీయించి, తొమ్మిదో పేజీ కిటికీ దగ్గర పెట్టుకుని, పదేళ్ళ కిందట తాను పూసిన తెలుపును గీకడం మొదలుపెట్టాడు. ఎండిన రంగు పెచ్చులుగా లేచింది, దాంతోపాటు కింద ఉన్న నల్లగీత కూడా. గాటు రెండు వేళ్ళంత మేర బయటపడింది. ఆ తర్వాత కాగితమే పీచులు పీచులుగా లేచి, చివరికి చిరిగింది. సున్నం రెండో పేజీ అందుకోబోతే బొమ్మలాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చాల్లే. ఒకసారి కోయించుకుంది చాలు."

సున్నం బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. ఊరుకునే మనిషి మాత్రం కాదు. తప్పు కనిపిస్తే చెయ్యి ఆగదు. ఆ వారంలోనే ఒంటరిగా కాలేజీకి వెళ్ళి లెక్చరరు ముందు నిలబడి అంతా చెప్పేశాడు. ఆ తప్పు అన్నది కాదు, నాది సార్, ఆ పుస్తకంలో ఉన్నది మా వదినే, జబ్బులో ఉండగా అన్న ఆమెను చూసి గీశాడు అని. లెక్చరరు ఓపిగ్గా విన్నాడు. పాపం చాలా విలువైన సమాచారం ఇచ్చారన్నాడు. అయితే పాఠకుడి చేతికి చేరిందే పుస్తకమనీ, చేరనిదాన్ని లెక్కలోకి తీసుకోలేమనీ కూడా అన్నాడు. తర్వాత ఆ ప్రసంగాన్ని వ్యాసంగా ఒక వారపత్రికలో వేయించినప్పుడు, కింద చిన్న అక్షరాల్లో ఒక మాట చేర్చాడు. ఈ పుస్తకానికి చిత్రకారుడు జబ్బుపడిన తన భార్యనే నమూనాగా వాడుకున్నట్టు సన్నిహితుల ద్వారా తెలిసింది. కథ ఎవరిదో, అక్షరాలు ఎవరివో ఆయన అడగలేదు. తప్పు ఒప్పుకునే కంగారులో సున్నమూ చెప్పలేదు.

ఆ వారపత్రిక కటింగ్ షాపుకు వచ్చే పత్రిక. వంతుకోసం కూర్చున్నవాళ్ళు తిరగేయడానికి బెంచీ మీద ఉంటుంది. జబ్బు మందుల మత్తయింది, చూడటం దుప్పటి తీయడమయింది, పోవడం అదే రోజయింది. నెల తిరిగేసరికి కథ పూర్తయింది.

సున్నం ఇది విని ఒక ఆదివారం కోపంతో ఊగిపోతూ వచ్చాడు. ఇప్పుడే షాపుకెళ్ళి అందరిముందూ నిజం చెబుతానని చెప్పులేసుకున్నాడు. బొమ్మలాయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. ఇక దేన్నీ దిద్దకు."

సున్నం చెప్పులు విప్పి మళ్ళీ కూర్చున్నాడు.

బొమ్మలాయన ఇప్పటికీ గడ్డం గీయించుకోవడానికి ఆ షాపుకే వెళతాడు. ఆయన గుమ్మంలో కనపడగానే మాటలు ఆగిపోతాయి, ఒకరు లేచి చోటిస్తారు. షాపాయన ఆయన గడ్డం మిగతావాళ్ళకంటే శ్రద్ధగానే గీస్తాడు. ఆయన లేచి వెళ్ళాక కుర్చీ దులిపి, తర్వాతివాడికి గుడ్డ కడతాడు.

పుస్తకం చూసిన రోజున ఆమె పోలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. కూర్చోగలిగిన రోజుల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇంకో పదకొండు పుస్తకాలకు అక్షరాలు రాసింది.